ఇంజనీర్లుగా ఉండి సొంత వ్యాపారం పెట్టినవాళ్లు ధర, అడ్వాన్స్ విషయంలో ఏం చేశారు?

నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌ని. మోటార్ బేరింగులు పాడయ్యే ముందే వైబ్రేషన్‌ని బట్టి పసిగట్టే చిన్న పరికరం తయారుచేశాను. ఉద్యోగం మానేసి, స్నేహితుడితో కలిసి దీన్నే వ్యాపారంగా మొదలుపెట్టాలని ఉంది. పరికరం విషయంలో ధైర్యంగానే ఉన్నాను. మిగతాదంతా టెన్షన్.

ముఖ్యంగా ధర. విడిభాగాల ఖర్చు మీద కొంత శాతం కలపడమే నాకు తెలిసిన లెక్క. కానీ మోటార్ హఠాత్తుగా ఆగితే ఫ్యాక్టరీకి వచ్చే నష్టం ముందు ఆ ఖర్చు చాలా చిన్నది. మరి ధర దేన్ని బట్టి పెట్టాలి? మొదటి కస్టమర్‌కైనా ఉచితంగా ఇవ్వకూడదని నా అభిప్రాయం. డబ్బు పెట్టి కొన్నవాళ్లే లోపాలు ఉన్నదున్నట్టు చెబుతారు. మీ అనుభవం కూడా ఇదేనా?

ఇంకోటి, విడిభాగాలకు ముందే కట్టాలి. పెద్ద కంపెనీలేమో బిల్లు ఇచ్చాక 60, 90 రోజులకు గానీ చెల్లించవు. అంటే ఆర్డర్లు పెరిగేకొద్దీ చేతిలో డబ్బు తగ్గుతుంది. కాగితం మీద లాభం ఉన్నా వ్యాపారాలు మూతపడేది ఇక్కడే. అడ్వాన్స్ అడిగితే ఆర్డర్ పోతుందేమోనని భయంగా ఉంది. మీరెలా అడిగారు?

వ్యాపారంలో మా ఇద్దరి వాటాలు 4 ఏళ్లలో కొద్దికొద్దిగా దక్కేలా, ఎవరైనా మొదటి ఏడాదిలోపే వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకుంటున్నాం. అది సరే. కానీ ఉద్యోగంలో ఉండగా కనిపెట్టినవన్నీ కంపెనీవే అన్న షరతు నా ఒప్పందంలో ఉంది. పరికరం మాత్రం సొంత సమయంలో, సొంత సామాన్లతో చేసిందే. రాజీనామాకు ముందే లాయర్‌ని కలవాలా? ఇలాంటి షరతు ఎదురైనవాళ్లు ఏం చేశారో దయచేసి వివరంగా చెప్పండి.