అంబాసిడర్‌ను ఉంచుకోవాలా, మారుతి 800నా?

ప్రశ్న (పాలకొల్లు నుంచి):
మా నాన్నగారి 1978 నాటి అంబాసిడర్, మావయ్యగారి 1995 నాటి మారుతి 800 మా సావిట్లోనే ఉన్నాయి. ఒకదానినే బాగు చేయించి, కాలువ గట్టు రోడ్ల మీద తిప్పుకోవాలని ఉంది. దేనిని ఉంచుకోవాలో తెలియజేయగలరు.

జవాబు (అమలాపురం నుంచి):
అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన దేశపు రూపం అండి. ఇంజను వెనక చక్రాలను తిప్పుతుంది. వెనక కమాను కట్టలు ఉండటం వల్ల ఐదుగురు కూర్చుని, డిక్కీలో ధాన్యం బస్తా వేసినా గుంతల్లో తొణకదు. 1983లో వచ్చిన మారుతిలో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. తేలిక బండి కాబట్టి పెట్రోలు తక్కువ తాగుతుంది, గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒదిగి తప్పుకుంటుంది. స్టీరింగు పక్కన గేరు వేయడంలోని దర్జా మాత్రం దానికి లేదు.

జవాబు (నరసాపురం నుంచి):
ముందు తుప్పు చూడండి. రెండింటికీ విడిగా ఛాసిస్ లేదు, బాడీయే భారం మోస్తుంది. కనుక మా ఉప్పుగాలికి ఫ్లోరు, డోర్ల కింది రేకు తినేసి ఉంటే, ఇంజను ఎంత బాగున్నా ఆ ఖర్చు దండగే.

ప్రశ్నించినవారు:
మారుతి ఫ్లోరు మ్యాటు ఎత్తి చూశానండి, కింద నేల కనిపించింది. అంబాసిడర్‌నే షెడ్డుకు పంపుతున్నాను.