"మీరు మాకు అన్నదమ్ములా, అప్పులోళ్లా?" – శ్రీలంక పెద్దాయన అడిగినదానికి ఏం చెప్పాలి?

తిరుపతి_ట్యాక్సీ

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో సొంత కారు తోలుకుంటాను. చెన్నై ఎయిర్‌పోర్టులో దిగి కొండకు వచ్చే శ్రీలంక తమిళులు నాకు రెగ్యులర్ పార్టీలు. ఒకరు ఇంకొకరికి నా నంబరు ఇచ్చి అట్లా పెరిగారు. కరోనా అయిపోయింది, ఇక వస్తారులే అనుకుంటుండగా 2022లో వాళ్ల ఫోన్లు పూర్తిగా ఆగిపోయాయి.

పోయిన నెల ఒక పెద్దాయన కుటుంబంతో వచ్చాడు. 2019 తర్వాత ఇప్పుడే. హట్టన్ దగ్గర టీ ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నగరిలో టీకి ఆపితే గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగకుండా చూశాడు. "ఆ సంవత్సరం పాలపొడి దొరక్క మా ఇంట్లో పాలు కలిపిన టీ మానేశాం తంబీ" అన్నాడు. రోజుకు 13 గంటలు కరెంటు పోయేదంట. గ్యాసు బండ కోసం కొడుకు, కోడలు వంతులేసుకుని రాత్రుళ్లు లైన్లో పడుకున్నారంట. పెట్రోలుకు ఫోన్లో క్యూఆర్ కోడ్, వారానికి ఇన్ని లీటర్లని కోటా.

కారు ఎక్కాక అడిగాడు. "మీ దేశం డీజిల్ పంపింది, బియ్యం పంపింది. మరిచిపోము. తర్వాత మా అప్పులు తేల్చడానికి కూర్చున్న కమిటీలో పెద్ద కుర్చీ కూడా మీదే. మీరు మాకు అన్నదమ్ములా, అప్పులోళ్లా?"

పుత్తూరు దాటేదాకా నాకు మాట రాలేదు.

ఆయన చెప్పింది ఇంకొకటి నన్ను పట్టుకుంది. అప్పు కట్టలేమని వాళ్ల దేశం 2022 ఏప్రిల్‌లో చేతులెత్తేస్తే, కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పిచ్చే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) డబ్బు 2023 మార్చిలో గానీ రాలేదంట. ఇల్లు కాలుతుంటే 11 నెలలు ఏం మాట్లాడుకున్నారు? 2020 లాక్‌డౌన్‌లో నా కారు లోనుకు మారటోరియం ఇచ్చారు. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు, చివర్లో కిస్తీలు పెరిగాయి. దేశాలకూ ఇట్లాగే చేస్తారా? తెలిసినవాళ్లు నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఆయనకు ఫోన్ చేసి చెప్తానని మాటిచ్చాను.

చిత్తూరు_బ్యాంకు_రిటైర్డ్

నాయనా, ముందు ఆ 11 నెలల సంగతి చెప్తాను.

2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. సెప్టెంబరు 1కి ఐఎంఎఫ్ అధికారులతో ప్రాథమిక ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లలో దాదాపు 290 కోట్ల డాలర్లు. కానీ అధికారులు ఒప్పుకుంటే చాలదు, బోర్డు ఆమోదించాలి. తీర్చే దారి కనబడని అప్పులున్న దేశానికి ఐఎంఎఫ్ డబ్బు ఇవ్వదు. కాబట్టి పాత అప్పులిచ్చిన దేశాలు ముందుగా "మా బాకీలో మేం సర్దుబాటు చేస్తాం" అని హామీ ఇవ్వాలి. అక్కడే బండి ఆగింది.

ఊళ్లో ఒకడు నలుగురి దగ్గర అప్పు చేసి దివాలా తీశాడనుకో. మొదటివాడు వడ్డీ వదిలేస్తే ఆ మిగిలిన డబ్బు రెండోవాడు పట్టుకుపోతాడు. ఆ భయంతో ఎవరూ ముందుకు రారు. అక్కడ చైనా, జపాన్, ఇండియా, పైన ఆ ప్రభుత్వ అప్పు పత్రాలు (బాండ్లు) కొన్న విదేశీ ఫండ్లు. ఎవరికి వారే యమునా తీరే. 2023 జనవరిలో ముందుగా హామీ ఉత్తరం రాసింది మన దేశం. చైనా నుంచి సరైన ఉత్తరం మార్చిలో వచ్చింది. మార్చి 20న బోర్డు ఆమోదించింది. మొదటి విడత దాదాపు 33 కోట్ల డాలర్లు.

మనమూ ఆ ఐఎంఎఫ్ గడప తొక్కినవాళ్లమే. 1991లో నేను ఇక్కడే ఒక బ్రాంచిలో ఆఫీసర్‌ని. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. దేశం దగ్గరున్న డాలర్లు రెండు వారాల దిగుమతులకు సరిపోయేటన్ని. డాలర్ల కోసం మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు, జులైలో మరో 47 టన్నుల దాకా లండన్‌కు. ఆ రెండోసారి తెచ్చుకున్న అప్పు 40 కోట్ల డాలర్లు. పేపర్లో ఆ వార్త వచ్చిన వారం, పంట లోనుకు నగలు తాకట్టు పెట్టిన ఒకావిడ బంగారుపాళ్యం నుంచి బస్సెక్కి వచ్చింది. "సార్, మా నగలు కూడా విమానం ఎక్కించేశారా?" అని అడిగింది. లోపలికి పిలిచి, ఆమె సంచీ సీలు చూపించి పంపాను. దేశం పరువు అంటే ఏమిటో నాకు ఆ రోజు ఆమె ముఖంలో కనబడింది.

శ్రీలంక స్వయంకృతాలు లేవనను. 2019 చివర్లో వ్యాట్ 15 నుంచి 8 శాతానికి కోసేశారు. 2021లో రసాయన ఎరువులు ఒక్కసారిగా నిషేధించి పంట పోగొట్టుకున్నారు. అయితే ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లు గ్యాసు లైన్లో నిలబడలేదు.

మిర్చి_గుమాస్తా

పుట్టింది పుత్తూరు, ఇప్పుడు గుంటూరు యార్డులో పని. మా ఎండుమిర్చి తూత్తుకుడి మీదుగా కొలంబో పోతుంది. 2022లో సరుకు అక్కడి పోర్టులో దిగి కదలలేదు. కొన్నాయన మంచి మనిషి. ఆయన దగ్గర వాళ్ల రూపాయలున్నాయి, బ్యాంకు దగ్గర డాలర్లు లేక ఎల్‌సీ (సరుకుకు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) డబ్బు ఆగిపోయింది. మార్చి మొదట్లో డాలరు వాళ్ల రూపాయల్లో 200, మే నాటికి 360. మాకు డబ్బు ముక్కలు ముక్కలుగా చాలా నెలలకు వచ్చింది. చర్చలు ఎంత సాగితే ఇట్లాంటి చిన్న వ్యాపారి అంత నలుగుతాడు. రేటు మారినప్పుడల్లా అతని బాకీ పెరుగుతూనే ఉంటుంది.

ఎకనామిక్స్_ఎస్వీయూ

సార్ చెప్పిన తేదీలన్నీ సరైనవే, ఒక్క విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. ముందుగా ఉత్తరం రాశాం కాబట్టి మనది పూర్తిగా అన్నదమ్ముల పాత్రేనని ఎవరైనా అనుకుంటే అది తప్పు. 2022లో మన దేశం అందించిన దాదాపు 400 కోట్ల డాలర్ల సాయంలో అత్యధిక భాగం తిరిగి కట్టాల్సిందే. నిత్యావసరాలకు 100 కోట్ల డాలర్ల క్రెడిట్ లైన్ (అవసరమైనప్పుడు వాడుకునే అప్పు), పెట్రోలు, డీజిల్‌కు 50 కోట్లు, 40 కోట్ల కరెన్సీ స్వాప్ (మన రిజర్వు బ్యాంకు తాత్కాలికంగా ఇచ్చే డాలర్లు), ఇంకా వాయిదా వేసిన బాకీలు. తమిళనాడు పంపిన బియ్యం, పాలపొడి లాంటివి ఉచితం. అన్నా, పెద్దాయనకు రెండూ నిజమేనని చెప్పండి. ఆ సమయానికి అప్పు ఇచ్చేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు, అదీ చిన్న విషయం కాదు.

ఆ కమిటీకి ఫ్రాన్స్, జపాన్‌లతో కలిసి మనం అధ్యక్షత వహించాం. చైనా అందులో చేరలేదు, విడిగా మాట్లాడుకుంది. 2024 జూన్ 26న కమిటీతో 580 కోట్ల డాలర్ల అప్పుపై ఒప్పందం కుదిరింది, చైనా ప్రభుత్వానికి చెందిన ఎగ్జిమ్ బ్యాంకుతో 420 కోట్లపై. మీ మారటోరియం పోలిక సరిగ్గా సరిపోతుందన్నా. అసలు కిస్తీలు 2028 దాకా ఆపి, 2043 దాకా సాగదీశారు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. 2020లో జీ20 దేశాలు కిస్తీల వాయిదా పథకం పెట్టాయి, 73 పేద దేశాలకే. శ్రీలంక మధ్యాదాయ దేశమని అందులోకి రాలేదు. తర్వాత వచ్చిన కామన్ ఫ్రేమ్‌వర్క్ అనే అప్పుల సర్దుబాటు పథకానికీ అదే అర్హత. అందులోకి వచ్చిన ఆఫ్రికా దేశం జాంబియా మాత్రం ఏం బాగుపడింది? 2020 నవంబరులో అప్పు కట్టలేక డిఫాల్ట్ అయితే, అప్పిచ్చిన దేశాలతో ఒప్పందానికి 2023 జూన్ వచ్చింది. ఈలోగా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ తన దేశంలో ధరలు తగ్గించుకోవడానికి వడ్డీని సున్నా దగ్గర్నుంచి 5 శాతం పైకి తీసుకెళ్లింది. పేద దేశాలకు కొత్త అప్పు పుట్టడమే కష్టమైంది. ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి. అది వద్దంటే ఆగిపోతుంది. మన ఓటు 3 శాతం లోపే.

దేశం లోపల భారం ఎవరి మీద పడిందో కూడా పెద్దాయనను అడగండి. 2023లో దేశీయ అప్పు సర్దుబాటు చేసినప్పుడు బ్యాంకుల బాండ్లను వదిలేసి, కార్మికుల భవిష్య నిధి (ఈపీఎఫ్) దగ్గరున్న బాండ్లను తక్కువ వడ్డీవాటితో మార్పించారు. మారకపోతే ఆ ఫండ్ ఆదాయంపై పన్ను 14 నుంచి 30 శాతానికి పెంచుతామన్నారు.

తిరుపతి_ట్యాక్సీ

బ్యాంకు సార్‌కీ, ఎస్వీయూ అమ్మాయికీ, గుంటూరు అన్నకూ దండాలు. నిన్న రాత్రి ఫోన్ చేసి ముప్పావు గంట మాట్లాడాను. మీరు రాసింది తమిళంలో ఒక్కొక్కటే చెప్పాను. రెండూ నిజమేనంటే, "దాచకుండా చెప్పావు" అన్నాడు. ఆయన ఈపీఎఫ్ డబ్బు ముందే తీసుకున్నాడంట. కొడుకుది ఇంకా అందులోనే ఉంది. కొడుకుకు ఫోనిచ్చాడు, ఆ అబ్బాయికి ఈ సంగతి తెలుసు. యూనియన్ వాళ్లు చెప్పారంట. కరెంటు బిల్లు 2022 ఆగస్టులో ఒకసారి, మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ పెంచారని, వ్యాట్ ఇప్పుడు 18 శాతమని చెప్పాడు.

పెద్దాయన మళ్లీ ఫోను తీసుకుని 2043 అన్నావా అని అడిగాడు. అవునన్నాను. కారులో నా పక్కన కూర్చుని అలిపిరి దాకా నిద్రపోయిన మనవరాలికి అప్పటికి ఎన్నేళ్లొస్తాయో లెక్కేసుకున్నాడు. 26 అంట.

అమ్మా, ఒక్కటి అడుగుతాను. కమిటీలో ఆ దేశాలు కూర్చున్నప్పుడు, ఈపీఎఫ్ డబ్బు పోయేవాళ్ల తరఫున ఆ గదిలో ఎవరైనా ఉంటారా? ఆయన అదే అడిగాడు. వచ్చే వారం మళ్లీ చేస్తానన్నాను.