ఇంట్లో పెంచుకున్న కుక్కకే సహాయక శిక్షణ ఇవ్వొచ్చా?

అక్క_తమ్ముడు
మా అక్కకి నరాల జబ్బు, వీల్‌చైర్‌లో ఉంటుంది. చేతుల్లో పట్టు తగ్గిపోయి ఫోను, చెంచా, రిమోట్ రోజుకి పాతికసార్లు జారిపోతుంటాయి, ప్రతిసారీ ఎక్కడున్నా అమ్మ పరిగెత్తుకొస్తుంది. మా లాబ్రడార్‌కి 14 నెలలు, బంతి విసిరితే తెచ్చి చేతిలో పెడుతుంది కాబట్టి దీనికే నేర్పిద్దామని నా ఆలోచన. ఫోను తెస్తోంది గానీ స్టీలు చెంచాని మాత్రం వాసన చూసి వెళ్లిపోతుంది. బెల్ మోగిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఎవరైనా సొంతంగా నేర్పించారా? వీల్‌చైర్ లాగించొచ్చా?

తోకాడించే_గుంపు
లాగించడం ఇప్పుడే వద్దండీ. ఈ వయసుకి ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండకపోవచ్చు, పైగా లాబ్రడార్లలో తుంటి కీలు సమస్య వంశపారంపర్యంగా వస్తుంటుంది. రెండేళ్లు నిండాక ఎక్స్‌రే తీయించి, డాక్టర్ సరేనంటే అప్పుడు చూడొచ్చు.

చెంచా సంగతి తేలికే. లోహం పళ్లకి తగిలితే చాలా కుక్కలకి నచ్చదు. కాడకి మెత్తటి గుడ్డ చుట్టండి, నోట పట్టగానే మెచ్చుకుని తినడానికి ఏదో ఒకటి పెట్టండి, నాలుగు రోజులకోసారి గుడ్డ కొంచెం కొంచెం తగ్గించండి.

నాకు అనుమానం బెల్ దగ్గరే. ఎనిమిది వారాల కుక్కపిల్లల్ని తెచ్చి ఏడాదిన్నర దాకా పెంచి శిక్షణ కేంద్రానికి అప్పగించే పని నాది. ఇప్పటికి మూడింటిని ఇస్తే ఒక్కటే పాసైంది. ఒకటి, పాపం బంగారం లాంటిది, పావురం కనిపిస్తే చాలు లోకం మర్చిపోయేది, దాన్ని వెనక్కి పంపేశారు. ఈ పని కోసమే పుట్టించిన కుక్కల్లోనే దాదాపు సగం ఇలా తప్పుకుంటాయి. మీది ఇంటి పనికే అయితే ఫరవాలేదు. బయటికి కూడా తీసుకెళ్లాలంటే మాత్రం లెక్క వేరు, అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ (సహాయక కుక్కలకి శిక్షణ ఇచ్చే సంస్థల అంతర్జాతీయ సమాఖ్య) ప్రమాణం ప్రకారం మనిషి ఇబ్బందికి పనికొచ్చే పనులు కనీసం మూడు రావాలి, జనంలో నిమ్మళంగా ఉండటం అది కాక.

రెండు_చక్రాలు
మీ పోస్టులో నాకు కుక్క కంటే మీ అమ్మగారే ఎక్కువ కనిపించారు, ఏమీ అనుకోకండి. నేనూ వీల్‌చైరే. మా కుక్క వచ్చిన కొత్తలో తాళాలు పడ్డాయి, "తే" అన్నాను, అది తాళాల్ని చూసింది, నన్ను చూసింది, ఒక అడుగు వేసింది, ఈలోపు మా ఆవిడ వంగి తీసేసింది. కుక్క హాయిగా పడుకుంది! ఇలా నెల రోజులు. చివరికి ట్రైనర్ వచ్చి శిక్షణ మా ఆవిడకి ఇచ్చారు: చేతులు కట్టుకుని పదిదాకా లెక్కపెట్టాలి, అంతే. తిండి, దువ్వడం, లీష్ పట్టుకోవడం అన్నీ నా చేతి మీదుగానే జరగాలన్నారు, లేకపోతే అది అన్నం పెట్టిన మనిషి వెనకాలే తిరుగుతుంది. మీ అక్కగారికి చేతిలో పట్టు లేదంటే గిన్నె ఒళ్లో పెట్టుకుని తోసినా సరే, ఆవిడే పెట్టాలి.

బాబు_వాళ్లమ్మ
మాత్రలు పడితే ముట్టుకోకూడదని అన్నిటికన్నా ముందు నేర్పండి. కిందపడిన ప్రతిదీ తేవాలని నేర్చుకున్న కుక్క మాత్ర కూడా నోట్లో వేసుకుంటుంది. మా బాబుకి ఆటిజం, వాడు కంగారుపడితే మా కుక్క వాడి ఒళ్లో తల బరువుగా ఆనించి పడుకుంటుంది, కానీ దానికీ రోజూ ఆడుకునే టైము ఉండాలి. పనిలో ఉన్నప్పుడు ఒంటికి కట్టే పట్టీ, అదే హార్నెస్, తీశాక దాన్ని ఏ పనీ అడగం.

అక్క_తమ్ముడు
గుడ్డ చుట్టాం. మూడో రోజుకి చెంచా అక్క మోకాలి దాకా వచ్చింది, అక్కడ జారింది. అమ్మ ఆరు దాకా లెక్కపెట్టి ఆగలేక తీసేసింది. రేపు అమ్మని వేరే గదిలో కూర్చోబెట్టి చూస్తాం.