బాలింతకూ పసిబిడ్డకూ ఒళ్ళు పట్టించడం: ఎంతవరకు మంచిది?

తొలిచూలు తల్లి, తెనాలి

నాకు సిజేరియన్ జరిగి నేటికి 23 రోజులు. పాప 2.8 కిలోల బరువుతో పుట్టింది. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను. మా ఇద్దరికీ నీళ్ళు పోయడానికి అమ్మ ఒక పెద్దావిడను పెట్టింది. నేను పుట్టినప్పుడు నన్ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది కూడా ఆవిడే కనుక, ఎదురు చెప్పాలంటే నోరు రావడం లేదు. పాప తల గుండ్రంగా రావాలని రెండు అరచేతులతో ఒత్తుతున్నారు, ముక్కు సన్నబడాలని లాగుతున్నారు, ముక్కులోనూ చెవుల్లోనూ నూనె చుక్కలు వేస్తున్నారు. స్నానమయ్యాక పాప మూడు గంటలు నిద్రపోతోంది కాబట్టి అందరూ మంచిదే అంటున్నారు గాని, ఆ నిద్ర హాయి వల్ల వస్తోందో, ఏడ్చి అలిసిపోవడం వల్ల వస్తోందో నాకు తెలియడం లేదు. రేపటి నుంచి నాకు కూడా పొట్ట మీద నూనె వేసి గట్టిగా రుద్ది, నడికట్టు బిగిస్తానంటున్నారు. దేనికి ఒప్పుకోవాలి, దేన్ని వద్దనాలి?

పిల్లల వార్డు నర్సు

పాపకు మర్దన మానిపించనవసరం లేదమ్మా, కాని తల ఒత్తడం, ముక్కు లాగడం, నూనె చుక్కలు వేయడం రేపటి నుంచే ఆపించండి. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు. నడినెత్తిన మెత్తగా తగిలే మాడు పూడడానికే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పుట్టినప్పటి వంకర చాలావరకు కొద్ది వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది. ఒకే వైపు పడుకుని తల చదునవుతుంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందే కాసేపు బోర్లా పడుకోబెట్టండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకమైన న్యుమోనియా వస్తుంది. మీరు రాయలేదు గాని, పసిబిడ్డ రొమ్ములు ఉబ్బితే పాలు పిండే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. తల్లి హార్మోన్ల వల్ల వచ్చే ఆ ఉబ్బు దానంతట అదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది.

పాలు తాగిన అరగంట, ముప్పావు గంట తరువాత, గాలి తగలని వెచ్చని గదిలో, కొబ్బరి నూనెను అరచేతుల్లో వెచ్చచేసి పాదాల నుంచి మొదలుపెట్టండి. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపుకే చెయ్యి తిప్పాలి. ఆవనూనె పసి చర్మానికి మంట పుట్టిస్తుంది, వద్దు. పాప మొహం తిప్పుకున్నా, వెన్ను విరుచుకున్నా, ఏడుపు అందుకున్నా అక్కడితో ఆపేయాలి. మీ సందేహానికి జవాబు కూడా అందులోనే దొరుకుతుంది: మర్దన జరుగుతున్నంతసేపూ ఏడ్చిన బిడ్డ నిద్రను హాయి కింద లెక్కవేయకండి.

ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం

నేను తల్లి సంగతి రాస్తాను, ఎందుకంటే బిడ్డ వచ్చాక అందరూ మరిచిపోయేది ఆమెనే. పైన కుట్లు ఆరినట్టు కనిపించినా లోపలి పొరలు మానడానికి సుమారు 6 వారాలు పడుతుంది కనుక, అప్పటిదాకా పొట్ట రుద్దించుకోవద్దు. మెడ, భుజాలు, వీపు, చేతులు తేలికగా పట్టించుకోండి; రాత్రంతా వంగి పాలిచ్చే మనిషికి అసలు నొప్పి అక్కడే ఉంటుంది. కాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కాన్పు తరువాత కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. నడికట్టు దగ్గేటప్పుడూ నడిచేటప్పుడూ ఆసరాగా ఉండేంత వదులుగా ఉంటే చాలు. ఊపిరి ఆడనంతగా బిగిస్తే ఆ ఒత్తిడి కిందికి, గర్భసంచి మీదికి, మూత్రాశయం మీదికి పోతుంది. పాలు గడ్డకట్టినప్పుడు గట్టిగా పిసికే పద్ధతిని కూడా ఇప్పుడు వద్దంటున్నారు. చంక వైపుకు, పిల్లిని నిమిరినంత మెల్లగా నిమిరి, పాలిచ్చాక చల్లని గుడ్డ వేసుకోండి.

కవలల నాన్న

మా పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు, పెద్దవాడు 1.7 కిలోలు. మర్దన ఊసే లేకుండా, చొక్కా విప్పి వాళ్ళను ఛాతీ మీద వేసుకోమన్నారు. కొలంబియా దేశంలోని బొగొటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతి ఇది. బరువు తక్కువ పిల్లలకు రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మీ పాప బరువు బాగానే ఉన్నా ఇది పనికొస్తుంది. ఆ కాసేపైనా పాప నాన్నను కూర్చోబెట్టి, మీరు నిద్రపోండి.

నలుగురు మనవళ్ళ అమ్మమ్మ

తల్లీ, ఆవిడను మాన్పించకు. కాళ్ళ మధ్య బిడ్డను జారకుండా పట్టుకోవడం, నీళ్ళ వేడి మోచేత్తో చూడడం ఆవిడ దగ్గర నేర్చుకోవలసినవే. "డాక్టరమ్మ వద్దన్నారు పిన్నీ" అను, తప్పు డాక్టరమ్మ మీదికి పోతుంది, ఆవిడ మనసు నొచ్చుకోదు. మాడు మీద ఆముదం అద్దుతానంటే అద్దనివ్వు, రుద్దనివ్వకు.

తొలిచూలు తల్లి, తెనాలి

ఈ రోజు అలాగే చెప్పాను. ఆవిడ కాసేపు ముఖం ముడుచుకున్నారు గాని, నూనె గిన్నె నా చేతికిచ్చి, "అయితే నువ్వే పట్టు, నేను చూస్తాను" అన్నారు. పాదాలతో మొదలుపెట్టాను. పాప ఏడవలేదు. పొట్ట సంగతి 6 వారాల తరువాత డాక్టరును అడుగుతాను.