ఒకే జత స్పీకర్లున్న డెస్క్‌టాప్‌కు సౌండ్ సర్వర్ అవసరమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్‌తో కూడిన డెబియన్ 12 లినక్స్ నడుస్తోంది. మదర్‌బోర్డు వెనుకనున్న ఆకుపచ్చ జాక్‌కు ఒక జత స్పీకర్లు తగిలించి ఉన్నాయి. సీడీల నుంచి ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైళ్లుగా మార్చుకున్న కర్ణాటక సంగీత కచేరీలు వినడం, బ్రౌజర్‌లో వీడియోలు చూడడం, అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడడం, ఇంతకు మించి నా అవసరాలు లేవు. లినక్స్ కెర్నెల్‌లోని అల్సా అనే భాగమే సౌండ్ కార్డును నడుపుతున్నప్పుడు, దానికీ ప్లేయర్‌కూ నడుమ పైప్‌వైర్ అనే మరో ప్రోగ్రాం, అంటే సౌండ్ సర్వర్, ఎందుకుండాలన్నది నా సందేహం. దాన్ని తీసివేస్తే సంగీతం మరింత స్వచ్ఛంగా వినిపిస్తుందని కొందరు అంటున్నారు. అది నిజమేనా? తీసివేస్తే నేను కోల్పోయేదేమిటి?

మొదటి జవాబు

సర్వర్ లేకపోతే ఒకసారికి ఒక్క ప్రోగ్రామే శబ్దం చేయగలదని చాలామంది చెబుతారు. అది ఒకప్పటి మాట. సౌండ్ బ్లాస్టర్ లైవ్ వంటి కార్డులు అనేక ప్రోగ్రాంల ధ్వనిని తమ చిప్‌లోనే కలిపేవి. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో పనిచేసే మదర్‌బోర్డు చిప్‌లు ఆ పని చేయవు కాబట్టి, కలిపే బాధ్యత సాఫ్ట్‌వేర్ మీద పడింది. అయితే అందుకు సర్వరే ఉండనక్కరలేదు. ధ్వనులను కలపడానికి అల్సాలోనే డీమిక్స్ అనే ప్లగిన్ ఉంది. కలిపే శక్తి లేని కార్డుల విషయంలో అది 2005 నుంచి ఎవరూ అమర్చకుండానే పనిచేస్తోంది.

సర్వర్ ప్రయోజనం వేరే చోట ఉంది. అల్సాను నేరుగా వాడే ప్రోగ్రాం ఏదో ఒక పరికరాన్ని తెరిచి, మూసేవరకు దాన్నే పట్టుకొని ఉంటుంది. పాట నడుస్తుండగా యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలించినా, ధ్వనిని హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్‌కు పంపాలనుకున్నా, ఆ ప్రోగ్రాంను ఆపి, పరికరాన్ని మార్చి, మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. సర్వర్ ఉంటే ప్రోగ్రాంకు ఈ మార్పు సంగతే తెలియనవసరం లేదు; పాట ఆగకుండానే ధ్వని కొత్త పరికరానికి మళ్లుతుంది. ఒక్కొక్క ప్రోగ్రాంకు విడివిడిగా వాల్యూమ్ తగ్గించుకోవడం, ఈ క్షణాన మైక్‌ను ఏ ప్రోగ్రాం వాడుతోందో చూడగలగడం కూడా అటువంటి సౌకర్యాలే. ఒకే జత స్పీకర్లతో ఏళ్ల తరబడి గడిపేవారికి ఇవి పెద్దగా పట్టవన్నది నేను ఒప్పుకుంటాను.

సర్వర్ల మీద నేటికీ వినిపించే అయిష్టానికి ఒక చరిత్ర ఉంది. పైప్‌వైర్‌కు ముందున్న పల్స్ఆడియో అనే సౌండ్ సర్వర్ 2007 నవంబరులో ఫెడోరా 8 లినక్స్‌లోనూ, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 లినక్స్‌లోనూ డిఫాల్ట్‌గా వచ్చినప్పుడు, అంతవరకూ ఎవరూ పరీక్షించని డ్రైవర్ లోపాలు బయటపడి, ధ్వని తెగిపోవడం చాలామందికి అనుభవమైంది. 2021లో ఫెడోరా 34తో డిఫాల్ట్ అయిన పైప్‌వైర్‌ను ఆ రోజులతో కొలవడం సరికాదు.

రెండవ జవాబు

నేను స్వచ్ఛత సంగతి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఇందులోనే అపోహలు ఎక్కువ.

మీ సీడీ ఫైళ్లలో సెకనుకు 44,100 ధ్వని నమూనాలు (శాంపిళ్లు) ఉంటాయి. పైప్‌వైర్ మామూలుగా 48,000 వద్ద నడుస్తుంది కనుక మధ్యలో మార్పిడి జరుగుతుందన్న మాట వాస్తవమే. కానీ డీమిక్స్ కూడా మామూలుగా 48,000 వద్దే నడుస్తుంది! పైగా అల్సా అదనపు ప్లగిన్ల ప్యాకేజీ లేని యంత్రంలో ఆ మార్పిడి పక్కపక్క నమూనాల మధ్య సరళరేఖ గీసే నాసిరకం పద్ధతిలో జరుగుతుంది. అంటే స్వచ్ఛత కోసం సర్వర్‌ను తీసివేసినవారు అంతకన్నా తక్కువ నాణ్యతను కోరి తెచ్చుకునే అవకాశం ఉంది. మార్పిడి అసలే వద్దనుకుంటే ప్లేయర్ హార్డ్‌వేర్‌ను నేరుగా తెరవాలి. అప్పుడు అది ఆగేవరకు బ్రౌజర్‌కు శబ్దం ఉండదు.

దీనికన్నా తేలికైన దారి ఉంది. పైప్‌వైర్ అమరికల్లో అనుమతించిన రేట్ల జాబితాలో 48,000 ఒక్కటే ఉంటుంది. అక్కడ 44,100ను కూడా చేర్చండి. ఆ తర్వాత, వేరే ప్రోగ్రాం ఏదీ శబ్దం చేయని సమయంలో మీరు కచేరీ మొదలుపెడితే కార్డే 44,100కు మారుతుంది. మారిందో లేదో పీడబ్ల్యూ-టాప్ అనే ఆజ్ఞతో చూసుకోవచ్చు. పైప్‌వైర్ లోపల లెక్కలన్నీ 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల రూపంలో) జరుగుతాయి. 16 బిట్ల సీడీ నమూనా అందులో ఏ నష్టమూ లేకుండా ఇముడుతుంది. వాల్యూమ్‌ను సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా పెంచి స్పీకర్ల మీటతో తగ్గించుకుంటే, మీ కచేరీ ఉన్నదున్నట్టుగా కార్డుకు చేరుతుంది.

మూడవ జవాబు

సంగీతం వినడానికే కేటాయించిన యంత్రమైతే సర్వర్ లేకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎంపీడీ వంటి ప్లేయర్ కార్డును నేరుగా తెరుస్తుంది. చెడిపోవడానికి ఉన్న భాగాలు తగ్గుతాయి. కానీ ప్రశ్న అడిగినవారి యంత్రం అటువంటిది కాదు. 2017 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 నుంచి మొజిల్లా అందించే లినక్స్ ప్రతులు ధ్వని కోసం పల్స్ఆడియోను కోరుతున్నాయి. పైప్‌వైర్ ఆ భాషలోనే జవాబిస్తుంది కాబట్టి మీకు తేడా తెలియడం లేదు. పైగా తెర మీద కిటికీలను చూపే వేలాండ్ పద్ధతిలో వీడియో కాల్ మధ్య తెర పంచుకుంటే, ఆ చిత్రాన్ని బ్రౌజర్‌కు చేర్చేది కూడా పైప్‌వైరే. దాన్ని పెకలిస్తే ధ్వనితో పాటు ఆ సౌకర్యమూ పోతుంది.

శబ్దమేమీ లేకపోతే సర్వర్ మామూలుగా అయిదు సెకన్లలో కార్డును వదిలేస్తుంది. అప్పుడు మీ ప్లేయర్ హార్డ్‌వేర్‌ను నేరుగా తెరుచుకోవచ్చు. కాబట్టి సర్వర్‌ను ఉంచుకొని కూడా మీరు కోరిన పద్ధతిలో వినవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రేట్ల జాబితాలో 44,100 చేర్చాను. పీడబ్ల్యూ-టాప్ కూడా అదే చూపుతోంది. ఇంకొక్క సందేహం. త్వరలో బ్లూటూత్ హెడ్‌సెట్ కొనాలనుకుంటున్నాం. కాల్ మొదలవగానే దాని ధ్వని నాణ్యత తగ్గుతుందని విన్నాను. అది సర్వర్ లోపమా?

మొదటి జవాబు ఇచ్చినవారు

కాదండీ, ఆ పరిమితి బ్లూటూత్‌దే. స్టీరియో సంగీతాన్ని మోసే ఏటూడీపీ ప్రొఫైల్ ఒకవైపే నడుస్తుంది. మైక్ కావాలంటే హెడ్‌సెట్ కాల్‌ల కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కు మారాలి. అందులో ధ్వని మోనోగా, మామూలుగా సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలకు పడిపోతుంది. ఏదైనా ప్రోగ్రాం మైక్ తెరవగానే సర్వర్ ఆ మార్పు చేస్తుంది, అంతే. సర్వర్ లేకపోతే మీ పని మరింత కష్టమవుతుంది, ఎందుకంటే లినక్స్‌లో బ్లూటూత్‌ను నడిపే బ్లూజెడ్ ప్రోగ్రాం 5వ వెర్షన్ నుంచి బ్లూటూత్ ధ్వనిని అల్సాకు అందించే భాగాన్ని తొలగించారు. అందుకోసం బ్లూఅల్సా అనే వేరే ప్రోగ్రాంను పెట్టుకోవాలి. కాల్‌లో కూడా మంచి ధ్వని కావాలంటే ఒక మామూలు యూఎస్‌బీ మైక్ కొని, అమరికల్లో దాన్నే ఇన్‌పుట్‌గా ఎంచుకోండి. అప్పుడు హెడ్‌సెట్ ఏటూడీపీలోనే ఉంటుంది.