సుబాబుల్ మేసిన మేకలకి గొంతువాపు పిల్లలు: మీ దగ్గర ఎవరికైనా ఇట్టా అయ్యిందా?

చీమకుర్తి మేకలు
ఈ ఈతలో మా మందలో కొన్ని మేకలు అయిదు నెలలు దాటినా ఈనలేదు. ఈనిన వాటికి పుట్టిన పిల్లల ఒంటి మీద వెంట్రుకలు పలచగా ఉన్నాయి, గొంతు దగ్గర రెండు పక్కలా గట్టి వాపు. లేచి ముర్రుపాలు తాగే ఓపిక కూడా లేదు. కొన్ని పోయాయి. ఊళ్లో అందరూ పోతును మార్చమంటున్నారు. ఒకాయన మాత్రం థైరాయిడ్ అన్నాడు. మేకలకి కూడా ఉంటదా? మేత ఎక్కువగా సుబాబుల్ కొమ్మే, తోట మనదే.

ఉదయగిరి గొర్రెలు
పోతును అప్పుడే అమ్మొద్దన్నా. ముందు వాపు ఏందో తేల్చుకో. దవడ కింద మెత్తగా ఉండి, నొక్కితే గుంట పడితే అది నట్టల వల్ల పట్టిన నీరు. బాగా పాలు తాగి గంతులేసే పిల్లకి గొంతు ఉబ్బినా భయం లేదు, పెరిగే కొద్దీ తగ్గిపోద్ది. మన నెల్లూరు గొర్రెలకి మెడ కింద వేలాడేవి జాతి లక్షణం, వాటిని చూసి కూడా టెన్షన్ పడేవాళ్లున్నారు!

వెటర్నరీ స్టూడెంట్, ఒంగోలు
మీరు చెప్పిన లక్షణాలు థైరాయిడ్ లోపానికి బాగా దగ్గరగా ఉన్నాయి. సుబాబుల్‌లో, ముఖ్యంగా లేత చిగుళ్లలో, మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది. అది పొట్టలో డీహెచ్‌పీ అనే పదార్థంగా మారి, థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. తల్లి బాగానే కనిపిస్తుంది, దెబ్బ కడుపులో పిల్లకి తగులుతుంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఎద సరిగా కనపడదు, చూడి నిలవదు, ఈనినా మాయ పడదు. పోతుల్లో కోరిక కూడా తగ్గుతుంది.

ఇంకోటి. క్యాబేజీ ఆకు వల్ల వచ్చే లోపం అయోడిన్ పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. డీహెచ్‌పీ విషయంలో అయోడిన్ ఉప్పు ఒక్కటే చాలదు, సుబాబుల్ మేత తగ్గించాల్సిందే. మొత్తం మేతలో సుబాబుల్ 30 శాతం దాటనీయొద్దు. డీహెచ్‌పీని విరగ్గొట్టే బ్యాక్టీరియా కొన్ని పశువుల పొట్టలో ఉంటుంది. 1980లలో హవాయి మేకల నుంచి దాన్ని ఆస్ట్రేలియా పశువులకి ఎక్కించారు. ఒకే మేత తిన్నా ఒక మందకి ఏమీ కాకుండా, ఇంకో మంద దెబ్బతినడానికి అదొక కారణం.

కావలి పాడి
సముద్రం పక్కనే ఉన్నాం, మనకి అయోడిన్ కొరతేంటి అనుకునేవాణ్ణి. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే రాళ్లుప్పులో అది ఉండేది చాలా కొంచెం అంట. ప్యాకెట్ ఉప్పులో అయితే కలుపుతారు. ఇప్పుడు దాణాలో మినరల్ మిక్చర్ వేస్తున్నా. మా గేదె కూడా ఎదకి రావట్లేదు, ఇదేనా?

వెటర్నరీ స్టూడెంట్, ఒంగోలు
ఈ ఎండల్లో గేదెలకి మూగ ఎద (ఎదకి వచ్చినా బయటికి కనపడకపోవడం) మామూలే. అన్నీ థైరాయిడ్ మీదకి తోయకండి. ఇంట్లో మనుషులు వేసుకునే థైరాయిడ్ బిళ్లలు మాత్రం పశువులకి పెట్టొద్దు. అయోడిన్ మరీ ఎక్కువైనా గొంతు వాస్తుంది.

నెల్లూరు పప్పీ
కుక్కల్లో థైరాయిడ్ లోపం వేరేగా ఉంటుంది. ఎక్కువగా ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథిని పాడుచేస్తుంది, అయోడిన్‌తో పని జరగదు. జీవితాంతం బిళ్లలే. మా లాబ్రడార్‌ని ఇక క్రాసింగ్ చేయించొద్దన్నారు డాక్టర్.

చీమకుర్తి మేకలు
చూడి మేకలకి సుబాబుల్ ఆపేసి జొన్న చొప్ప, వేరుశనగ కట్టె వేస్తున్నా. రక్తపరీక్షకి పశువుల డాక్టర్‌ని అడిగా. పోతు ఇంట్లోనే ఉంది. కోసిన కొమ్మ ఎండబెట్టి పెడితే పర్లేదా?

వెటర్నరీ స్టూడెంట్, ఒంగోలు
ఎండబెడితే మైమోసిన్ కొంత తగ్గుద్ది, పూర్తిగా పోదు. ఈనినాక పెట్టుకోండి, అదీ వేరే మేతలో కలిపి.