4294967297కు 641 కారణాంకమని ముందే ఎలా పసిగట్టవచ్చు?

ప్రశ్న:
2^32కు ఒకటి కలిపితే 4294967297 వస్తుంది. 3, 5, 17, 257, 65537ల తర్వాత అదే వరుసలో (2కు 1, 2, 4, 8, 16 అంటూ ఘాతాన్ని రెట్టింపు చేస్తూ ఒకటి కలిపే వరుస) వచ్చే ఈ సంఖ్య కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని ఫెర్మా భావించారనీ, 641 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపారనీ చదివాను. దీని వర్గమూలం 65536 కంటే రవ్వంత ఎక్కువ. అంతలోపు ప్రధాన సంఖ్యలు 6542 ఉన్నాయి. భాగహారం చేసి సరిచూసుకోగలను గానీ, అన్నిటిలో 641నే పట్టుకోవడానికి దారి ఏమిటో తెలియడం లేదు.

జవాబు 1:
ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్యను దేన్నైనా తీసుకోండి. దానితో భాగిస్తే 2^32కు శేషం −1 (అంటే గుణిజానికి ఒకటి తక్కువ), కనుక 2^64కు శేషం 1; అంటే 2 ఘాతాలలో శేషం మొదటిసారి 1 అయ్యేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం (బేసి ప్రధాన సంఖ్య pతో 2^(p−1)ను భాగిస్తే శేషం 1) ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేది 64కు గుణిజం కావాలి. (ఫెర్మా ఊహను పడగొట్టిన ఆయుధం ఆయన సిద్ధాంతమే కావడం విచిత్రం.) అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే పని పూర్తవుతుంది.

జవాబు 2:
దీన్ని ఇంకా కుదించవచ్చు. 64 బదులు 128 గుణిజాలు చాలునని 1878లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ నిరూపించారు కాబట్టి 641కి ముందు మిగిలేది 257 ఒక్కటే. దానితో భాగిస్తే 2^8కి శేషం −1, 2^32కు 1, ఒకటి కలిపిన మన సంఖ్యకు 2. కనుక అదీ పోతుంది.

ఇక 641 భాగిస్తుందనడానికి భాగహారమే అక్కర్లేదు. 641 అంటే 5 × 2^7 + 1, అలాగే 5^4 + 2^4. మొదటి రూపాన్ని బట్టి 5 × 2^7కు శేషం −1, దాని నాలుగో ఘాతమైన 5^4 × 2^28కి శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5^4 స్థానంలో −2^4 పెట్టవచ్చు. అప్పుడు −2^32కు శేషం 1, అంటే 2^32 + 1కి శేషం సున్న. నా దృష్టిలో ఇంతకంటే అందమైన నిరూపణ ఈ సంఖ్యకు లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి రెండో కారణాంకం 6700417 ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి?

జవాబు 2:
అదే వడపోత దీనికీ పనిచేస్తుంది, ఎందుకంటే దాని కారణాంకాలన్నీ అసలు సంఖ్యకూ కారణాంకాలే. దీని వర్గమూలం 2588 దాకా చూస్తే, 257ను ముందే తీసేశాం కనుక, పరీక్షించవలసినవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్న కాదు కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే.

జవాబు 3:
కారణాంకాల జోలికి పోకుండానే ఇది సంయుక్త సంఖ్యని తేల్చే దారి మరొకటి ఉంది. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ఒకే విధంగా సాధ్యం. ఈ సంఖ్య 65536^2 + 1^2కూ సమానమే, 62264^2 + 20449^2కూ సమానమే.